టక్ బాబాయి కుడి చెవి

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన టక్ బాబాయే. బస్టాండు వెనక వీధిలో, మూడంతస్తుల పాత మేడ మెట్ల కింద ఆయన దుకాణం. దుకాణమంటే మరీ పెద్ద మాట. నిలబడితే తల మెట్టుకు తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు బల్లకు తగులుతాయి. ఆ బల్లకు ఎడమ పక్కన సాన చక్రం, కుడి పక్కన గోడ మేకులకు వేలాడే చిన్న సుత్తులు, ఆకురాళ్లు, సన్నటి శ్రావణాలు. చేసే పని ఒక్కటే, జేబులో పెట్టుకునే మడత చాకులు బాగుచెయ్యడం. కత్తెర పట్టుకొస్తే ముఖం తిప్పుకుంటాడు. వంటింటి కత్తి పట్టుకొస్తే నాలుగు వీధుల అవతల ఇంకొకాయన ఉన్నాడని దారి చెబుతాడు. "మడవని కత్తితో నాకేం మాటలుంటాయి?" అంటాడు.

పేరెలా వచ్చిందంటే, చాకు చేతికివ్వగానే ఆయన దాన్ని చూడడు, కళ్లు మూసుకుంటాడు. కుడి చెవి దగ్గర పెట్టుకుని, బ్లేడు మీది గాడిలో బొటనవేలి గోరు ఆనించి మెల్లగా తెరుస్తాడు. సగం దూరం వచ్చాక చాకు ఒక క్షణం ఆగి 'టిక్' అంటుంది. పూర్తిగా తెరుచుకున్నాక 'టక్' అంటుంది. మూసేటప్పుడు మళ్లీ ఒక టిక్, ఒక టక్. ఈ నాలుగింటినీ కలిపి ఆయన చాకు గొంతు అంటాడు. ఆ గొంతు విని, వెనక స్ప్రింగు అలిసిందో, మేకు వదులైందో, జేబులోని దారప్పోగులు లోపల చేరాయో చెప్పేస్తాడు. ముప్పై నాలుగేళ్లలో ఆ చెవి తప్పు చెప్పింది లేదు. ఎడమ చెవి మాత్రం ఎప్పుడో మొద్దుబారింది. సాన చక్రం పక్కనే ఉండీ ఉండీ పాతికేళ్ల కిందటే దాని పని అయిపోయింది. అందుకని కుడి చెవిని కంటికి రెప్పలా చూసుకునేవాడు. చక్రం తిప్పే ముందు ఇంత దూది ఉండచుట్టి అందులో కూరేవాడు, పని కాగానే తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో రెండు జాతులు. ఒకటి వాడుకునేవాళ్లు, రెండోది దాచుకునేవాళ్లు.

పార్కులో మొక్కలకు అంట్లు కట్టే తోటమాలిది వాడుకునే జాతి. అతని చాకు కొక్కెంలా వంగి ఉంటుంది, కర్ర పిడి చెమటకు నల్లబడి గచ్చకాయలా నిగనిగలాడుతుంది. కరెంటు మేస్త్రిదీ అదే జాతి. అతని చాకుకు ఒక పక్క బ్లేడు, ఇంకో పక్క స్క్రూడ్రైవరు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన దగ్గర కర్ర పిడి చాకు ఉంది, దాని మెడకు చిన్న ఇనప ఉంగరం. ఉంగరం తిప్పితే బ్లేడు కదలకుండా బిగుసుకుంటుంది. ఆయన రోజూ పొద్దున పార్కు బెంచీ మీద కూర్చుని దాంతో ఒక ఆపిల్ పండు కోసుకుని తింటాడు. నలభై ఏళ్లుగా అదే చాకు, అదే బెంచీ, పండు మాత్రమే కొత్తది.

దాచుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లు చాకుతో దారప్పోగు కూడా తెంపరు. ఎముక పిడివి, కొమ్ము పిడివి, ముత్యపు చిప్ప పిడివి అన్నీ మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెల్లో వరసగా పడుకోబెడతారు. ఉక్కు మీద ఏళ్ల తరబడి పట్టిన బూడిదరంగును చూసి మురిసిపోతారు. తెలియనివాడెవడైనా దాన్ని తోమి మెరుగు పెట్టాడంటే వాళ్లింట్లో ఆ పూట పొయ్యి వెలగదు. వాడుకునేవాడు పదును పెట్టమని అడుగుతాడు, దాచుకునేవాడు పదును పెట్టొద్దని కాళ్లావేళ్లా పడతాడు. ఈ రెండు జాతులూ ఒకేసారి బల్ల ముందు నిలబడితే ఆ పూటకు బాబాయికి వేరే కాలక్షేపం అక్కర్లేదు.

"కొయ్యని చాకెందుకండీ, గోడకు బొమ్మేసుకోరాదూ?" అనేవాడు తోటమాలి.

"నువ్వు వాడేది చాకు కాదయ్యా, దాని ఆయుష్షు" అనేవాళ్లు వీళ్లు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. చాకుకు గొంతు ఉండాలి. టక్ అనని చాకు ఎంత పాతదైనా, ఎంత పదునైనా, చేతిలో చచ్చినట్టుంటుంది.

పోయిన వానాకాలంలో మొదలైంది గొడవ. వరసగా ఏ చాకు చేతికొచ్చినా గొంతు పీలగా ఉంటోంది. టిక్ అసలే లేదు, టక్ అన్నది ఎక్కడో పక్క వీధిలో అన్నట్టుంది. బాబాయి ముందు వానను తిట్టాడు. చెమ్మకు స్ప్రింగులు నీరసించాయన్నాడు. వానలు పోయాక నూనెను తిట్టాడు. డబ్బా మార్చాడు. ఆ తర్వాత ఉక్కును తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన తిట్టనిది ఒక్క తన చెవినే. అది తప్పు చెబుతుందని ఆయనకు కలలో కూడా తోచలేదు. పైగా ఈమధ్య జనం నోట్లో నోట్లో మాట్లాడుకుంటున్నారని, గట్టిగా నోరు తెరిచి మాట్లాడే మర్యాద లోకంలో లేకుండా పోయిందని అందరితో అనేవాడు. ఎదుటివాళ్లు ఏదో జవాబు చెప్పేవాళ్లు. అది కూడా నోట్లోనే.

గొంతు తగ్గిన చాకుకు ఆయన చేసే వైద్యం ఒకటే. మేకు ఊడదీసి, స్ప్రింగును బయటికి తీసి, ఒక వెంట్రుకవాసి వంచి మళ్లీ బిగించడం. వంచినకొద్దీ బిగువు పెరుగుతుంది, బిగువుతో గొంతు పెరుగుతుంది. ఇదివరకు ఏడాదికి నాలుగైదు చాకులకు మించి ఈ వైద్యం అవసరపడేది కాదు. ఇప్పుడు వచ్చిన ప్రతిదానికీ చేస్తున్నాడు. ఒకసారి వంచితే చాలడం లేదని రెండుసార్లు, మూడుసార్లు కూడా వంచుతున్నాడు.

అన్నిటికంటే ముందు వంచింది సొంత భార్య చాకుకే.

వీధికి ఆయన బాబాయి కాబట్టి ఆవిడ పిన్ని. పిన్ని ఇంట్లోనే పేము కుర్చీలు అల్లుతుంది. చిల్లులు పడ్డ కుర్చీలు, ఊగుడు కుర్చీలు, వాలు కుర్చీలు ముందు గదినిండా కాళ్లు పైకి పెట్టుకుని ఉంటాయి. నానబెట్టిన పేము బద్దల్ని రంధ్రాల్లోంచి అటూ ఇటూ లాగి, బిగించి, మిగిలిన కొసను చాకుతో తెగ్గొడుతుంది. ఆ చాకు పెళ్లైన కొత్తలో బాబాయి తన చేత్తో బాగుచేసి ఇచ్చింది. కొమ్ము పిడి, ఒకటే బ్లేడు, అరచేతిలో ఇమిడిపోతుంది. సాయంత్రం చివరి కొస తెగ్గొట్టి ఆవిడ చాకు మూస్తే ఆ టక్ వంటింట్లోకి వినిపించేది. అది వినగానే బాబాయి టీకి నీళ్లు పెట్టేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో పని దిగే గంట అదే.

దాని గొంతు కూడా పోయిందనిపించి ఒక ఆదివారం తనే అడిగి తీసుకుని గట్టిగా బిగించి ఇచ్చాడు. "చూడు, ఇప్పుడు గుర్రంలా ఉంది" అన్నాడు. ఆవిడ తీసి చూసి, తలూపి, పనిలో పడిపోయింది. ఆ తర్వాత మాత్రం సాయంత్రాలు వంటింట్లోకి ఆ చప్పుడు రావడం పూర్తిగా ఆగిపోయింది. బాబాయి మూడు నాలుగు రోజులు చెవి రిక్కించి చూశాడు. తన చాకు పక్కన పడేసి బజారులో దొరికే పల్చటి బ్లేడు కట్టరుతో పని కానిస్తోంది కాబోలని నిశ్చయించుకున్నాడు. అడిగితే తేలికైపోతానని అడగలేదు. ఆవిడ బొటనవేలికి ఎప్పుడు చూసినా చుట్టి ఉండే బ్యాండేజీ పట్టీని మాత్రం చూశాడు. పేము గీసుకుని ఉంటుందిలే అనుకున్నాడు. అలా ఎనిమిది నెలలు మనసులో అలిగాడు. అలిగినట్టు అవతలివాళ్లకు తెలియకపోతే ఆ అలకకు విలువేముంటుంది చెప్పండి. అయినా అలిగాడు.

ఫిర్యాదులు రావడం మొదలైంది. తోటమాలి విరిగిన గోరు చూపించాడు.

"బాబాయ్, నా చాకు తెరవాలంటే ఇంకో చాకు కావాల్సొస్తోంది."

"గోళ్లలో సత్తువ లేదురా నీకు. పాలు తాగు."

కరెంటు మేస్త్రి పటకారుతో లాగి తెరుస్తున్నానన్నాడు. స్తంభం మీద ఒక చేత్తో వేలాడుతూ రెండో చేత్తో తియ్యాల్సిన వస్తువది. బస్సు డ్రైవరు ఏమీ అనలేదు కానీ, పార్కులో ఆపిల్ పండు కొరుక్కుని తింటున్నాడని తోటమాలి చెప్పాడు. బాబాయి ఎవరికీ లొంగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "స్ప్రింగు బిగువుగా ఉండటం కూడా తప్పేనా? రేపు మీరే మెచ్చుకుంటారు" అని పంపించేశాడు.

ఇలా ఉండగా ఒక గురువారం పళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ దాచుకునే జాతిలో పెద్ద తలకాయ. పగలంతా జనం నోళ్లలో చూసి చూసి, సాయంత్రం ఇంటికెళ్లి డెబ్బై మూడు చాకుల్ని ఒక్కొక్కటే తీసి చూసుకుంటుందట. నోరు మెదపని వస్తువులంటే ఆవిడకు విశ్రాంతి. ఆ రోజు చేతిసంచీలోంచి ఒక చిన్న ఊలు సంచీ, అందులోంచి ఒక మూడు బ్లేడ్ల చాకు తీసింది. పసుపెక్కిన ఎముక పిడి, రెండు కొసలా వెండి కాపు, ఒక పొడుగు బ్లేడు, ఒక మొండి ముక్కు బ్లేడు, ఒక సన్నటిది. బ్లేడ్ల మీద ఎవరూ ఏనాడూ తోమని బూడిదరంగు.

"తొమ్మిదేళ్లు వెతికాను బాబాయ్ గారూ. ఈ రకం ఇంత బాగా మిగిలింది నేనింతవరకు చూడలేదు. ఆదివారం మా చాకులవాళ్లందరం కలుస్తున్నాం. అక్కడ తెరిచి వినిపించాలి. ఈలోగా ఒక్కసారి మీ చెవిన వేద్దామని తెచ్చాను."

బాబాయి కళ్లు మూసుకుని కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొదటి బ్లేడు తెరిచాడు. ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. మూడోది తెరిచేసరికి ఆయనకే జాలేసింది.

"అమ్మా, రూపం ఉంది కానీ గొంతు లేదు. మూడూ మూగే. స్ప్రింగులు వంచాలి."

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. "నాకు బాగానే ఉన్నట్టనిపించిందండీ" అంది. వెంటనే తనే సర్దుకుని, "అయినా మీ చెవి ముందు నా చెవెంత! పాత ఉక్కు కదా, వంచితే విరగదుగా?" అని అడిగింది.

"ఈ చేత్తో ఇంతవరకు ఒక్కటి విరగలేదు" అన్నాడు బాబాయి. అది నిజమే. ఆవిడ శనివారం సాయంత్రం వస్తానని చెప్పి, ఊలు సంచీ కూడా వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బాబాయి బల్ల తుడిచి, చాకుకు గుడ్డ చుట్టి, బల్ల అంచుకున్న పట్టుకారులో పెట్టి మర తిప్పి బిగించాడు. ఇంత సన్నటి మేకు ఊడగొట్టే ములుకు ఆయన దగ్గర లేదు. పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసేవాడి దగ్గర ఉంటుంది. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ముప్పై ఏళ్లుగా మధ్యనున్న గోడ ఒకటే కాబట్టి బావా అంటే బావా అనుకుంటారు. బాబాయి లోపలికి వెళ్లి, అలవాటుగా అటూ ఇటూ చూసి అన్నాడు:

"ఏం బావా, ఇవాళ గడియారాలన్నీ ఆపేశావేం? దుకాణంలో చడీచప్పుడూ లేదు."

గడియారాల బావ కంటికున్న భూతద్దం తీసి ఆయన వంక చూశాడు. ఆ చూపులో ఏదో తేడా ఉంది. బాబాయి గోడకేసి చూశాడు. ఇరవైకి పైగా గడియారాలు. లోలకాలన్నీ ఊగుతున్నాయి. నడిమధ్య ఉన్న పెద్ద గడియారం ముళ్లు సరిగ్గా పదకొండు చూపిస్తున్నాయి. దాని అద్దం లోపల చిన్న సుత్తి తీగచుట్ట మీద పడుతోంది, లేస్తోంది, పడుతోంది.

"బావా, నీకు వినపడట్లేదా?" అన్నాడు గడియారాల బావ. దగ్గరగా వచ్చి అన్నాడు కాబట్టి అది వినపడింది.

"ఊరికే అన్నాలే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని బాబాయి నవ్వబోయాడు. ములుకు అడగడం మరిచిపోయి వెనక్కి వచ్చేశాడు.

స్టూలు మీద కూర్చున్నాక ఆయనకు అర్థమైంది. చాకుల గొంతులు పోలేదు. పోయింది తన చెవి. ఎనిమిది నెలల్లో వంచిన స్ప్రింగులు ఎన్ని? ముప్పైకి తక్కువుండవు. తోటమాలి గోరు, మేస్త్రి పటకారు, డ్రైవరు కొరుక్కుతింటున్న ఆపిల్ పండు అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. పట్టుకారులో పళ్ల డాక్టరమ్మ చాకు బిగించి ఉంది. ఇంకో పావుగంట ఆగితే దాని మేకు ఊడగొట్టి ఉండేవాడు. బాగున్న పాత స్ప్రింగును ఒకసారి వంచి, వినపడక ఇంకోసారి వంచి, చివరికి రెండు ముక్కలు చేసి ఉండేవాడు.

పోనీ ఇప్పుడైనా చెయ్యకుండా తిరిగిచ్చేస్తే? గొంతు లేదని నోటితో చెప్పినవాడే తను. నిజంగానే లేదేమో, ఉందేమో, చెప్పగలిగే చెవి ఇప్పుడు లేదు. ఎడమదాని దారే కుడిదీ పట్టిందంటే ఇంక టక్ బాబాయి అనేవాడే లేడు. మెట్ల కింద కూర్చునే ముసలాయన ఒకడు మిగులుతాడు. ఆ రోజు మధ్యాహ్నమే దుకాణం మూసేశాడు. వర్షానికి తప్ప ఆయన పగటిపూట తలుపు వెయ్యడం వీధి ఎరగదు.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. గడియారాల బావ తన భార్యకు చెప్పాడు, ఆవిడ పిన్నికి ఫోన్ చేసింది. శనివారం పొద్దున పిన్ని చెప్పులు వేసుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"గోడలకు చెవులుంటాయంటారు. నీ దుకాణం గోడకు ఉన్నాయి, నీకే లేవు. పద, చెవి డాక్టరు దగ్గరికి."

"నేను రాను."

"ఏం?"

"ఇదీ పోయిందంటారు. చెవికి మిషను తగిలించుకుని కూర్చుంటే నాకెవడిస్తాడే చాకు?"

 పిన్ని దగ్గరికొచ్చి, చొక్కా జేబులో ఉబ్బెత్తుగా ఉన్న పాత దూది ఉండలన్నీ తీసి చెత్తబుట్టలో వేసి, చొక్కా సర్దింది.

"పోతే పోయిందని తెలుస్తుంది. తెలియకుండా ఇంకెన్ని చాకులు పాడుచేస్తావు?" అంది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

చెవి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. దీపం పెట్టి ముందు ఎడమ చెవిలో చూసి, "ఇది పాతదే కదూ?" అంది. కుడి చెవిలో చూసి, ఊపిరి బిగబట్టి ఇంకాస్త వంగి చూసింది. బాబాయి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఏదో అంది, ఆయనకు వినపడలేదు. పిన్ని చేత్తో ఆగమన్నట్టు సైగ చేసింది. తర్వాత చెవి కింద ఒక పళ్లెం పెట్టారు. గోరువెచ్చటి నీళ్లు లోపలికి కొట్టారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి లోపలెక్కడో ఏదో కదిలింది. బఠాణీ గింజంత నల్లటి ఉండ ఒకటి పళ్లెంలో పడింది.

అది పడిన చప్పుడు బాబాయి విన్నాడు.

తర్వాత పైన ఫ్యాను కిర్రుమంటూ తిరగడం విన్నాడు. బయట ఎవరో దగ్గడం, కాగితం చింపడం, బల్ల మీద పెన్ను దొర్లడం విన్నాడు. డాక్టరు సన్నటి పటకారుతో ఆ ఉండను విప్పి చూపించింది. లోపల దూది, చుట్టూ గులిమి, దానికి పట్టుకున్న ఇనప రజను.

"చక్రం దగ్గర పెట్టుకున్న దూదిలో ఒక ముక్క లోపలే ఉండిపోయిందండీ. రోజూ కొత్త దూది పెట్టి దాన్ని మీరే లోపలికి తోస్తూ వచ్చారు. చెవికేం కాలేదు. మీ వయసుకు చాలా బాగుంది."

"చెవిని కాపాడుకుంటానని పత్తి చేను వేశాడమ్మా" అంది పిన్ని.

"అంత గట్టిగా అరుస్తావేమే?" అన్నాడు బాబాయి.

"ఎనిమిది నెలల్నుంచి ఇలాగే అరుస్తున్నా. ఇప్పటికి చెవికెక్కింది."

ఆయన నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది. కొండంత భయం తవ్వితే ఇంత ఎలుక బయటపడింది. ఆ ఎలుకను కాగితంలో పొట్లం కట్టి ఇమ్మని అడిగితే డాక్టరు ఇవ్వనంది.

పిన్నిని ఇంటి దగ్గర దింపి ఆయన నేరుగా దుకాణానికి పరుగెత్తాడు. తాళం తిరిగిన చప్పుడు, తలుపు కీచుమన్న చప్పుడు విన్నాడు. గోడ అవతల ఇరవై గడియారాలు చెవిలో జోరీగల్లా రొద పెడుతున్నాయి. పట్టుకారు వదులుచేసి డాక్టరమ్మ చాకు తీశాడు. కళ్లు మూసుకున్నాడు.

టిక్. టక్.

మూడు బ్లేడ్లకూ మూడు రకాల గొంతులు. పొడుగుదానిది కాస్త బొంగురు, మొండి ముక్కుదానిది నిండు గొంతు, సన్నదానిది పిల్లగొంతు. మూడింటిలోనూ ఒక్క తప్పు లేదు. వందేళ్లో ఎన్నేళ్లో ఎవరూ చెయ్యిపెట్టకుండా వదిలేసిన స్ప్రింగులవి. బాబాయి స్టూలు మీద కూర్చుని, "అమ్మయ్య, బతికిపోయాను" అని పైకే అనుకున్నాడు.

సాయంత్రం పళ్ల డాక్టరమ్మ రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "దీనికి నేనేం చెయ్యలేదమ్మా. ఈ ఏడాదిలో నేను చేసిన మంచి పని అదొక్కటే."

ఆవిడ కథంతా విని, చాకును రెండు చేతులా గుండెకు హత్తుకుంది. "నేను రోజూ చూసే నోటికీ ఆ చెవికీ మధ్య జానెడు లేదు. అయినా కనిపెట్టలేకపోయాను చూడండి" అని నవ్వేసింది.

సోమవారం పొద్దున మెట్ల గోడకు ఒక అట్టముక్క వేలాడింది. 'పోయిన వానాకాలం నుంచి నేను బిగించిన చాకులన్నీ తీసుకురండి. తప్పు చాకుది కాదు' అని దాని మీద రాసి ఉంది. ముందు తోటమాలి వచ్చాడు. అతని చాకును పటకారుతో తెరిచి చెవి దగ్గర మూస్తే తలుపు విసిరికొట్టినట్టు చప్పుడైంది. బాబాయి ఉలిక్కిపడ్డాడు.

"ఇంత దారుణమా?"

"మరే. మీరు పాలు తాగమన్నారుగా బాబాయ్, తాగాను. అయినా తెరుచుకోలేదు."

వారం రోజులు అదే పని, రోజూ ఇల్లు చేరేసరికి రాత్రయ్యేది. వంచినవాటిని వెనక్కి వంచడం, వినడం, మళ్లీ వెనక్కి వంచడం. రెండు స్ప్రింగులు మాత్రం విరిగాయి. వాటికి కొత్త ఉక్కు పట్టీలు కోసి, ఆకురాయితో అరగదీసి వేశాడు. బస్సు డ్రైవరుది అందరికంటే ముందు చేసిచ్చాడు. దానికి స్ప్రింగు లేదు, ఉంగరం ఉంది. ఆ ఉంగరం మీద కూడా బాబాయి తన ప్రతాపం చూపించాడు. "ఏమీ అనలేదేమండీ?" అంటే ఆయన, "పళ్లు గట్టిగానే ఉన్నాయిగా అనుకున్నాను" అన్నాడు.

శనివారం సాయంత్రానికి అందరివీ అయిపోయాయి. మనసు తేలికై బాబాయి పెందలాడే ఇంటికొచ్చాడు. వంటింట్లో టీ గిన్నె తీస్తుంటే ముందు గదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. ముందు ఇనుము మీద ఇనుము గీసుకుంటున్న కరకర, ఆ తర్వాత ఢబ్బుమని ఒకటి. వారం రోజులుగా అలాంటిది ముప్పైసార్లు విన్నాడు. ఆ ఢబ్బు ఎవరిదో, ఎవరి చేతి పనో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

ముందు గదిలోకి వచ్చాడు. పిన్ని నేలమీద కూర్చుని ఉంది, ఒళ్లో బోర్లించిన కుర్చీ. ఒక చేతిలో కొమ్ము పిడి చాకు, ఇంకో చేతిలో చెంచా. చెంచా కాడను గాడిలో పెట్టి పైకి లేపి బ్లేడు తెరిచినట్టుంది. కొమ్ము పిడి మీద గాడి పక్కన ఎనిమిది నెలల గీతలు. బొటనవేలికి అదే పట్టీ.

"నువ్వు దీన్నే వాడుతున్నావా?" అన్నాడు బాబాయి.

"మరి దేన్ని వాడమంటావు?"

"కట్టరు కొనుక్కున్నావనుకున్నాను."

"కట్టరెందుకు, నువ్విచ్చిన చాకుండగా."

ఆయన ఆవిడ ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. చెయ్యి తీసుకుని పట్టీ విప్పాడు. గోరు మధ్యకు చీలి, సగం వరకు నల్లబడి ఉంది.

"అందరూ తిట్టారు. నువ్వొక్కదానివి ఒక్క మాట అనలేదేమే?"

పిన్ని పేము బద్ద కొసను వేలికి చుట్టుకుంటూ అంది, "అందరూ అంటూనే ఉన్నారుగా. నేను కూడా నీ చేయి తప్పిందంటే ఇంక బాగుందనేవాళ్లెవరు నీకు?"

బాబాయి ఎనిమిది నెలలు తను అలిగిన సంగతి ఆవిడకు ఎప్పటికీ చెప్పకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాడు. లేచి వెళ్లి ఇంట్లో ఉన్న చిన్న సుత్తి, ములుకు తెచ్చుకున్నాడు. గడప మీద గుడ్డ పరిచి, మేకు ఊడగొట్టి, స్ప్రింగును వెనక్కి వంచాడు. బిగించి విన్నాడు. ఇంకో వెంట్రుకవాసి వంచి మళ్లీ విన్నాడు. పిడి మీది గీతల్ని అరగదీద్దామా అని ఒక క్షణం ఆలోచించి, వద్దనుకుని అలాగే వదిలేశాడు. చాకు ఆవిడ చేతిలో పెట్టి తను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

"ఇప్పుడు మూసి చూడు" అని అక్కణ్నుంచి కేకేశాడు.

టక్.

"ఇంకోసారి."

టక్.

"ఇంకొక్కసారి."

"నేను కుర్చీ అల్లాలా, నీకు కచేరీ పెట్టాలా?" అంది పిన్ని. అని, ఇంకోసారి తెరిచి మూసింది. బాబాయి టీకి నీళ్లు పెట్టాడు.